గుడాలవ్వ పేరు

తొంభైల్లో, మా చిన్నప్పుడు, భైంసాలో మా గల్లీ మలుపు దగ్గర బడి వదిలే వేళకు ఒక గంప దిగేది. గంపలో సిల్వర్ గంజు, దాని మీద తడిగుడ్డ, పక్కన మోదుగాకుల కట్ట. గుడ్డ తీస్తే శనగ గుడాలు. కోస్తా మిత్రులు వీటిని గుగ్గిళ్ళంటారు గాని, మా గుడాల్లో ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయల తాలింపు కాస్త జోరుగా ఉంటుంది. ఆఠానా ఇస్తే దొప్ప నిండా పెట్టేది. చారానా ఇస్తే అరచెయ్యి పట్టమనేది. ఆమె పిడికిలి మా అరచెయ్యి కన్నా ఎప్పుడూ పెద్దదే కాబట్టి సగం కింద పడేవి. చారానా లేని రోజున కూడా పిల్లలెవరూ ఉత్త చేతుల్తో గంప దాటి పోలేదు. "రేపియ్యి బిడ్డా" అనేది. ఆ లెక్క ఎక్కడా రాసుకున్నది లేదు. చారానా బిళ్ళ 2011 జూన్ 30తో చెలామణీలోంచే పోయింది. నేను ఆమెకు ఎన్ని బాకీ ఉన్నానో నాకిప్పటికీ తెలీదు.

మేం ఆమెను గుడాలవ్వ అనేవాళ్ళం. సాహిత్యంలో డాక్టరేట్ చేసి, స్త్రీల జీవిత కథనాల మీద వందల పేజీలు రాసిన దాన్ని, నేను నా కళ్ళతో చూసిన మొదటి సంపాదనాపరురాలి పేరు ఒక్కనాడూ అడగలేదు. అడగకపోవడం తప్పేనా అన్నది ఈ మధ్య నన్ను బాగా ఇబ్బంది పెడుతోంది. తప్పేనని వెంటనే ఒప్పేసుకోవడం సులువు. విషయం అంత సులువుగా లేదు.

ముందు మా ఊరి సంగతి కొంత చెప్పాలి. భైంసా ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1కి ముందు అసలు తెలుగు జిల్లాలోనే లేదు, నాందేడ్ జిల్లా ముధోల్ తాలూకాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్ళు ఇటొచ్చాయి. ఆదిలాబాద్ నుంచి కిన్వట్, రాజురా తాలూకాలు అటు బొంబాయి రాష్ట్రంలోకి పోయాయి. కాగితాల మీద గీత అలా జరిగింది గాని సంబంధాలు, సంతలు, వియ్యాలు గీతకు అటూ ఇటూ అలాగే ఉండిపోయాయి. మా వీధిలో మరాఠీ ఇళ్ళున్నాయి, ఉర్దూ ఇళ్ళున్నాయి, తెలుగు ఇళ్ళున్నాయి. రైలెక్కాలంటే బాసరకు పోవాలి. నల్లరేగడి నేల, పత్తి పంట, జిన్నింగు మిల్లులు. పత్తి వచ్చే కాలంలో ఊరంతా ఎడ్లబండ్లు, తర్వాత ట్రాక్టర్లు, గాల్లో దూది.

ఇలాంటి ఊళ్ళో తిండికి కూడా రెండు మూడు పేర్లుంటాయి. లేత జొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి నలిపితే రాలే పచ్చి గింజల్ని మేం ఊచబియ్యం అంటాం, మరాఠీ వాళ్ళు హుర్డా అంటారు. చలికాలం మొదట్లో కొన్నాళ్ళు గుడాలవ్వ గంపలో అవి కూడా ఉండేవి. వానాకాలం గుడాలతో పాటు కుంపటి తెచ్చి మక్క కంకులు కాల్చేది. చలి ముదిరాక రేగుపండ్లు, ఉడకబెట్టిన పల్లికాయ. ఎండల్లో ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు. ఏ నెలలో ఏం పండుతుందో నేను పుస్తకంలో చదువుకోలేదు, ఆ గంపలో చూశాను.

పేరు లేకపోయినా ఆమెకు పిలుపులకు కొదవ లేదు. మాకు గుడాలవ్వ. పక్కింటి మరాఠీ పిల్లలకు ఆజీ. ఎదురు గల్లీలోని ముస్లిం పిల్లలకు నానీ. మూడు భాషల్లోనూ అమ్మమ్మో నాయనమ్మో అన్నమాట. ఆమె కూడా ఎవరి భాషలో వాళ్ళకు జవాబిచ్చేది. మాకు "తీస్కో బిడ్డా", వాళ్ళకు "ఘే బాళా", వీళ్ళకు "లేలో బేటా". మూడింటినీ ఒకే యాసలో మాట్లాడేది, అదేం యాసో ఇప్పటికీ తేల్చుకోలేను. చేతుల మీద పచ్చబొట్లు, సాదా చీర, నుదురు బోసి. అది వితంతువు కావడం వల్లనో మరెందుకో పిల్లలకేం తెలుసు? మా వైపు పల్లెల్లో పాత తరం ముస్లిం స్త్రీలు కూడా చీరే కట్టేవాళ్ళు. ఆమె ఇల్లెక్కడో చూసినవాళ్ళం కాదు. పొద్దు గూకగానే గంజు కడుక్కుని పోయేది.

ఆమె దగ్గర ఉండిన ఒకే ఒక కాగితం నాకు గుర్తుంది. తైబజారు చిట్టీ. రోడ్డు పక్క నేల మీద కూచుని అమ్ముకున్నందుకు రోజూ కట్టవలసిన పైకం తైబజారు. దాన్ని వసూలు చేసే హక్కును వేలంలో గుత్తకిచ్చేవారు. గుత్తేదారు మనిషి సైకిల్ మీద వచ్చి, పైసలు తీసుకుని వేలెడంత చిట్టీ చింపి ఇచ్చేవాడు. దాన్ని మడిచి నడుం దగ్గరి సంచిలో దోపుకునేది. ఒకసారి చదివి చెప్పమని నాకిచ్చింది. అప్పటికి నేను నాలుగో తరగతి. "ఒక నంబరుంది, పైసలెన్నో ఉన్నయి" అని చదివాను. "ఇంకేం లేదా?" అంది. ఇంకేం లేదు. పేరు రాయడానికి ఆ చిట్టీలో చోటే లేదు. నవ్వి మళ్ళీ సంచిలో పెట్టుకుంది. ఆ నవ్వు గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. పేరు లేనందుకు చిన్నబుచ్చుకున్న నవ్వనే చాలా ఏళ్ళు అనుకున్నాను.

కొంచెం దూరంలో, బస్టాండు వైపు, మిర్చీ బండ్లుండేవి. పొద్దున పోహా, సాయంత్రం మిర్చీలు, ఆలూ బోండాలు. వాటి మీద నిలబడేవాళ్ళంతా మగవాళ్ళు. బండి అంటే పెట్టుబడి, నూనె, స్టౌ, రాత్రి బండి నిలుపుకోను చోటు, నలుగురితో మాట్లాడగల జోరు. గంపకు అవేవీ అక్కర్లేదు, మెడ గట్టిదైతే చాలు. ఊరి వీధి తిండి గురించి ఎవరైనా మాట్లాడితే బండ్ల పేర్లే చెప్తారు. ఫలానా అన్న మిర్చీ, ఫలానా సేఠ్ పోహా. గంపల పేర్లెవరూ చెప్పరు. అది తినుబండారంలోకి రాదేమో, ఇంట్లో అవ్వ పెట్టినట్టే లెక్కేమో. మేం కూడా అలాగే తిన్నాం. అవ్వ అని పిలిస్తే బాకీ కట్టక్కర్లేదనుకున్నాం కదా.

ఈ గంపల వెనకున్న శ్రమను లెక్కలోకి తెచ్చిన తొలి ప్రయత్నాల్లో ఒకటి ఇలా భట్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ కమిషన్ 1988లో ఇచ్చిన 'శ్రమశక్తి' నివేదిక. అసంఘటిత రంగంలో, స్వయం ఉపాధిలో ఉన్న స్త్రీల గురించే వేసిన కమిషన్ అది. మరుసటి ఏడాది, 1989లో, సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వీధిలో అమ్ముకోవడం కూడా వృత్తి స్వేచ్ఛ కిందికే వస్తుందని, తగిన ఆంక్షలకు లోబడి దాన్ని ప్రాథమిక హక్కుగా గుర్తించాలని చెప్పింది. చట్టం రావడానికి మరో పాతికేళ్ళు పట్టింది. వీధి వర్తకుల చట్టం 2014 మే 1న అమల్లోకొచ్చింది. అయిదేళ్ళకోసారి సర్వే చెయ్యాలి, ధ్రువపత్రాలివ్వాలి, పట్టణ కమిటీలో నలభై శాతానికి తగ్గకుండా వర్తకుల ప్రతినిధులుండాలి, వాళ్ళలో మూడో వంతు స్త్రీలుండాలి. ఎన్నో ఏళ్ళ పోరాటం మీద వచ్చిన చట్టం, దాన్ని తీసిపారెయ్యలేం. కాని ధ్రువపత్రం కావాలంటే తనకు వేరే జీవనాధారం లేదని వర్తకులు హామీ ఇవ్వాలి. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మా వైపు గంప స్త్రీలలో ఒకే పని మీద బతికినవాళ్ళను నేను చూడలేదు. పత్తి ఏరే కాలంలో పొద్దున చేలకు పోతారు, సాయంత్రం గంప దించుతారు. మధ్యలో ఎవరింట్లోనో పెళ్ళైతే అప్పాలు చెయ్యడానికి పోతారు. బతుకంతా ఇలా అతుకులేసి కుట్టుకున్న మనిషిని నీ ఏకైక జీవనాధారం ఏది అనడిగితే ఏం చెప్తుంది?

ఇప్పుడు 2008కి వస్తాను. రాయడానికి చెయ్యి రాని భాగం ఇదే.

ఆ ఏడాది అక్టోబరులో దుర్గామాత నిమజ్జనం ఊరేగింపు సందర్భంగా భైంసాలో మొదలైన ఘర్షణలు ప్రాణాలు తీశాయి. రెండు రోజుల తర్వాత దగ్గర్లోని వటోలి గ్రామంలో ఒక ముస్లిం కుటుంబానికి చెందిన ఆరుగురిని, పిల్లలతో సహా, ఇంట్లోనే తగలబెట్టారు. కర్ఫ్యూ పెట్టారు. నేను అప్పుడు నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. దీపావళికి ఇంటికొచ్చేసరికి కర్ఫ్యూ లేదు గాని సాయంత్రాలు ఊరు ముందుగానే తలుపులేసుకుంటోంది. గల్లీ మలుపు ఖాళీగా ఉంది.

"గుడాలవ్వ రాలేదా?" అనడిగాను.

మా అమ్మ గొంతు తగ్గించి చెప్పింది. కర్ఫ్యూ సడలించిన రెండో మూడో రోజు ఆమె మామూలుగానే వచ్చి గంప దించిందట. ఎవరో నలుగురు కుర్రాళ్ళు వచ్చి, "అవ్వా, నీ పేరేంది?" అనడిగారట. ఆ కుర్రాళ్ళు ఎవరి తరఫు వాళ్ళో అమ్మ చెప్పలేదు, నేను అడగలేదు. ఆమె "గుడాలవ్వ" అన్నదట. "అది గాదు, అసలు పేరు" అన్నారట. "అదే నా పేరు" అన్నదట. మళ్ళీ అడిగితే గంప ఎత్తుకుని పోయిందట.

"ఇంతకీ ఆమె ఎవలమ్మా?" అని కూడా అమ్మ అన్నది. అమాయకంగానే అన్నది. పదిహేనేళ్ళుగా ఆమె చేతి గుడాలు తిన్న ఇల్లు మాది. ఆ ప్రశ్న అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ రాలేదు. వచ్చాక మళ్ళీ పోలేదు. ఒప్పుకోవాలి, నాకూ వచ్చింది. ఆ దీపావళి మూడు రోజులూ ఆమె చీర కట్టు, ఆమె మాట, పచ్చబొట్ల ఆకారం గుర్తు చేసుకుంటూ ఆమె ఎవరై ఉంటుందో తేల్చడానికి నాలో నేనే ప్రయత్నించాను. తేల్చుకుని ఏం చేసేదాన్నో తెలీదు.

ఆ ఊళ్ళో ఆమె పేరు అంత పట్టుబట్టి అడిగింది అదే మొదటిసారి అనుకుంటాను. తైబజారు చిట్టీ చూసి ఆమె నవ్విన నవ్వు నాకు అప్పుడు వేరుగా గుర్తొచ్చింది. ఆజీ, నానీ, అవ్వ అన్న మూడు పిలుపుల మధ్య ఆమె తనకంటూ కొంత జాగా చూసుకుంది. పేరు చెప్తే మూడింట్లో ఒక పిలుపే మిగిలేది.

కొన్ని వారాలకు మళ్ళీ వచ్చింది. పాత చోటుకు కాస్త ఇవతల, మందుల దుకాణం మెట్ల పక్కన కూచునేది. గుడాలు అవే. పిల్లలు తగ్గారు. కొందరిని ఇంట్లో వాళ్ళు పంపడం మానేశారు, రెండు వైపులా.

మన స్త్రీవాద చరిత్ర రచన పేర్లు వెతకడంతో మొదలైంది. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వాళ్ళ మాటల్లోనే మన ముందు నిలబెట్టింది. నాలాంటి వాళ్ళం పరిశోధనలోకి వచ్చిందే అలాంటి పుస్తకాలు చదివి. పేరు దొరకడం అంటే మనిషి దొరకడం అని మాకు నేర్పారు, నేనూ నా విద్యార్థులకు అదే చెప్పాను. పేరు పెట్టడంలో ఉన్న తగువులూ మనకు కొత్త కాదు. ఐలమ్మను కులం పేరుతో పిలవాలా, చిట్యాల అన్న ఇంటిపేరుతో పిలవాలా అని ఎంత చర్చ జరిగింది! 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టినప్పుడు చాకలి ఐలమ్మ అనే పెట్టారు. ఆ మాటను అవమానం నుంచి గౌరవంగా మార్చుకున్నారని కొందరం సంతోషించాం, కొందరం నొచ్చుకున్నాం. కాని ఈ చర్చ అంతటిలోనూ పేరు ఉండటం మంచిదే అన్న నమ్మకం ఉంది. పేరు చెప్పకపోవడమే ఒక స్త్రీ చేసిన పని అయినప్పుడు ఆమె చరిత్ర ఎలా రాయాలో మాకెవరూ నేర్పలేదు. మౌఖిక చరిత్ర పాఠాల్లో మొదటి ప్రశ్న "మీ పేరేంటమ్మా?" అనే కదా. 2008లో ఆ కుర్రాళ్ళు అడిగిన ప్రశ్నా అదే. నా ఉద్దేశం వేరు, నిజమే. అవతల కూచున్న స్త్రీకి ఆ సంగతి ఎలా తెలియాలి?

అందరికీ తెలియడం కూడా ఎంత చిత్రమైన విషయమో 2024 జనవరిలో హైదరాబాద్ చూసింది. ఐటీసీ కోహినూర్ దగ్గర రోడ్డు పక్క అన్నం కూరలు అమ్మే దాసరి సాయికుమారి యూట్యూబ్ వీడియోలతో 'కుమారి ఆంటీ'గా ప్రసిద్ధురాలైంది. పేరు వచ్చింది, పేరు వెంట జనం వచ్చారు, జనం వల్ల ట్రాఫిక్ ఆగింది, పోలీసులు వచ్చి దుకాణం తీయించారు. ముఖ్యమంత్రి జోక్యం చేసుకున్నాక మళ్ళీ తెరుచుకుంది. ఏళ్ళ తరబడి ఎవరికీ పట్టని దుకాణానికి ఆపద కెమెరాతో వచ్చి, మళ్ళీ కెమెరా వల్లే తప్పింది. ఆమె పక్కనే అమ్ముకునే మిగతా స్త్రీల కోసం ఏ ముఖ్యమంత్రి ఫోన్ చేస్తాడు? ఇంత పేరు వచ్చాక కూడా ఆమె మనకు ఆంటీయే. మిర్చీ బండి మనిషిని 'బాబాయ్' అని పత్రికల్లో రాయరు.

నేను గుడాలవ్వ కోసం వెతుక్కుంటూ పోయింది 2022లో. ఈ మధ్యలో భైంసా 2020 జనవరిలో ఒకసారి, 2021 మార్చిలో ఒకసారి మళ్ళీ రగిలింది. రెండింటి మధ్య కరోనా. మందుల దుకాణం మెట్ల పక్కన గంప లేదు. నాలుగు చోట్ల అడిగితే ఆమె కోడలు దొరికింది. కోడలికి చిన్న బండి ఉంది. గుడాలూ, ఉడకబెట్టిన పల్లికాయా అమ్ముతోంది. అత్త లాక్‌డౌన్ ఏడాదిలోనే పోయిందని చెప్పింది. కరోనాతో కాదు, "ఇంట్ల కూసోని కూసోని పోయింది" అంది. వయసెంతంటే, పోలీస్ యాక్షన్ నాటికి అప్పుడప్పుడే నడక నేర్చిందని చెప్పేదట. అంటే డెబ్భై దాటి రెండు మూడేళ్ళు.

గుడాల వెనక పని ఎంతో నాకు కోడలే చెప్పింది. శనగలు పొద్దున కిరాణంలో ఉద్దెరకు తేవాలి, రాత్రి నానబెట్టాలి, తెల్లారి రాళ్ళేరి కడగాలి. అత్త ఉన్నన్నాళ్ళూ పత్తికట్టె మీదే ఉడికించేవారట. పత్తి ఏరడం అయిపోయాక చేలో మిగిలే కట్టె అది. ఊరికే దొరుకుతుంది గాని భగ్గున మండి చల్లారిపోతుంది, గుడాలు ఉడికేదాకా పొయ్యి ముందు ఒకరు కూచునే ఉండాలి. మోదుగాకులు సంతలో కట్టల లెక్కన కొనేవారు. అమ్మకం రెండు గంటలు, దాని వెనక ఒక రాత్రీ ఒక పగలూ. సాయంత్రం వచ్చిన పైసల్లోంచి ముందు కిరాణం ఉద్దెర తీర్చాకనే ఇంటికి బియ్యం. కర్ఫ్యూ పెట్టిన రోజున నానబెట్టిన శనగలు ఏం చేసేవాళ్ళని అడిగాను. "ఏం జేస్తం, మేమే తిన్నం. ఐదొద్దులు గుడాలే" అంది. అల్లర్ల నష్టం లెక్కల్లో కాలిన ఇళ్ళు వస్తాయి, కాలిన బండ్లు వస్తాయి. ఆ ఐదొద్దుల శనగలు ఏ లెక్కలోకీ రావు.

కోడలికి కార్డుంది. 2020లో వీధి వర్తకులకు అప్పులిచ్చే కేంద్ర పథకం మొదలైనప్పుడు పదివేలు తీసుకుందట, కట్టేసిందట. ప్లాస్టిక్ సంచీలోంచి తీసి చూపించింది. పేరుంది, ఫొటో ఉంది, భర్త పేరుంది. తైబజారు చిట్టీని చదివినట్టే దాన్నీ పైకి చదివాను. ఆమెకు చదువొచ్చు, నేను చదవనక్కర్లేదు. అయినా చదవనిచ్చింది.

అప్పుడు అడిగాను, మీ అత్త పేరేంటని. నోట్‌బుక్కు తెరిచే ఉంది. ఆమె నా వంక, నోట్‌బుక్కు వంక చూసింది.

"ఇప్పుడెందుకక్కా ఆ పేరు? రాస్తె ఆమెకేమొస్తది?"

ఈ ప్రశ్నకు నా దగ్గర పరిశోధకురాలి జవాబు ఉంది. స్త్రీల చరిత్ర, నమోదు, రేపటి తరం. నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. రాస్తే నాకు ఒక వ్యాసం వస్తుంది. ఆమెకేం వస్తుందో నాకు తెలీదు.

కాసేపటికి తనే చెప్పింది. మెల్లగా, పక్క బండివాడికి వినపడకుండా చెప్పింది. చిన్న పేరు. అది విన్నాక కూడా, 2008 దీపావళికి నేను తేల్చుకోవాలని చూసిన సంగతి తేలలేదు. మా వైపు రెండు ఇళ్ళల్లోనూ పెట్టుకునే పేరే. నాకు నవ్వొచ్చింది, ఆమెకూ వచ్చింది. నోట్‌బుక్కు మూసేశాను.

గుడాలు పెట్టింది, కాగితం ప్లేటులో. మోదుగాకులు ఇప్పుడు ఎవరు తెస్తరక్కా, అంది. పైసలిస్తే తీసుకోలేదు. పాత బాకీ ఉందని, చిన్నప్పటి చారానాలని చెప్పి బలవంతంగా యాభై రూపాయల నోటు గంజు కింద పెట్టాను. "గన్ని చారానాలు తిన్నవా?" అంది. ఉప్పు కొంచెం ఎక్కువైంది. ఆ మాటే అన్నాను.

"మా అత్తది గూడ గదే చెయ్యి" అంటూ ఇంకో గంటెడు వేసింది.